ఆరింటికి, రెండింటికి, పదింటికి

చిరంజీవి అమ్మడికి,

నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. నువ్వు కులాసాయేనా అని ప్రతి ఉత్తరంలో అడిగేవాణ్ణి. ఈసారి అడగను, నీ ఉత్తరమే ఒళ్ళంతా నవ్వుతూ వచ్చింది.

మంగళవారం పదకొండింటికి అందింది. కవరు మీద రాత చూడగానే నాకు తెలిసిపోయింది. ఏడాదిగా నీ ఉత్తరాల్లో అక్షరాలన్నీ బస్సులో నిద్రపోయేవాళ్ళలా ఒకదాని భుజం మీద ఒకటి వాలిపోయి ఉండేవి. ఈసారి నిటారుగా నిలబడ్డాయి. కత్తెరతో కత్తిరించండి, చించకండి అంది మీ అమ్మ. ఆవిడ కత్తెర వెతికేలోపే చించేశాను. "కేసు మూసేశారు నాన్నా, ఒకటో తారీఖున మన గ్రంథాలయంలోనే చేరమన్నారు" అన్న వాక్యం నాలుగుసార్లు పైకి చదివాను. మూడోసారికే "వినపడింది, చెముడు నాకు కాదు మీకు" అంది గానీ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. కళ్ళజోడు శుభ్రంగానే ఉంది తల్లీ.

నేను ఆగలేకపోయాను. కింద టైలరమ్మకి చెప్పాను. ఒక చెయ్యే కుట్టిన చొక్కా మిషను మీద వదిలేసి వచ్చి మీ అమ్మని వాటేసుకుంది. మంగలి దుకాణానికి వెళ్ళి అక్కడ సగం గడ్డం గీయించుకుని కూర్చున్న ఆసామీ చేతులు పట్టుకుని చెప్పాను. ఆయనెవరో నాకు తెలియదు. "చాలా సంతోషమండీ, మిగతా సగం కూడా గీయనివ్వండి" అన్నాడు. ఇంటికొచ్చి నీ గది తలుపులు తీసి, పరుపు ఎండలో వేసి, నీ బల్ల మీద దుమ్ము తుడిచాను. ఇంకా పదమూడు రోజులుందని మీ అమ్మ గుర్తు చేస్తే, అప్పటికి మళ్ళీ తుడుస్తానన్నాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. నా మోకాలు దిగేటప్పుడు గొణుగుతుంది, ఎక్కేటప్పుడు అరుస్తుంది, మొత్తం మీద పని చేస్తోంది. మీ అమ్మ కంటి ఆపరేషను బాగా జరిగింది. ఇప్పుడు మూలమూలల దుమ్ము కనిపిస్తోందట, కాబట్టి కష్టమల్లా నాకు వచ్చింది. నీ స్థానంలో వేసిన గుమాస్తా పుస్తకాలని ఎత్తు ప్రకారం పేర్చాడు. పొట్టివన్నీ ఒక వైపు, పొడుగువన్నీ ఒక వైపు, చూడ్డానికి మాత్రం మెట్లలా బాగున్నాయి. నువ్వొచ్చి ఏడవకు, తీరిగ్గా సర్దుకుందాం. నిన్ను పొరుగూరికి బదిలీ చేసి పడేసిన ఆ రికార్డు గది దుమ్ముకి పట్టిన దగ్గు తగ్గిందో లేదో మాత్రం నువ్వు రాయలేదు. దాటేశావు. నేను చూశాను.

ఇంకా రెండు అడిగావు. ఉత్తర్వులో "పట్టణంలోని ఒక వృద్ధుడు మతి స్థిమితం లేక యాంత్రికంగా చేసిన పని" అని ఉందని, పేరు వేయలేదని, ఆ ముసలాయన ఎవరో కనుక్కుని ఒకసారి చూసి రమ్మని రాశావు. "ఏడు నెలలు నా మాటే మళ్ళీ మళ్ళీ రాసిన ఆ యంత్రాన్ని తిట్టుకున్నాను నాన్నా, అది పాపం ఒక పెద్దాయన అని తెలిసి సిగ్గేసింది, ఆయన్ని చూసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అన్నావు. కనుక్కున్నానమ్మా. ఆ సంగతి కింద రాస్తాను. ముందు రెండో దానికి జవాబు రాయనీ, దాని మీద నాకు ఒళ్ళు మండిపోతోంది.

"ఆ హ్యాష్‌టాగు ఇప్పటికైనా చచ్చిందా" అని కదూ అడిగావు. చావలేదు. చచ్చేలా కూడా లేదు. నువ్వు ఫోను సొరుగులో పడేసి ఏడాది కావస్తోంది కాబట్టి నీకు తెలియదు. బస్సు స్టాండు పక్కన తలుపుల దుకాణంవాడు నిలువెత్తు బోర్డు పెట్టాడు: "#తలుపుమూయకండి, మా తలుపులు చూసేదాకా." ఒకడెవడో ఫ్రిజ్జు తెరిచి అందులో తల దూర్చి ఫోటో దిగి, దానికీ అదే తగిలించాడు. డెబ్బై వేల మంది నవ్వారట. నవ్వడానికి అందులో ఏముందో టైలరమ్మ నాకు రెండుసార్లు వివరించింది, రెండుసార్లూ రాలేదు నవ్వు. అంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. పోలింగు నాడు నీకు పైనుంచి ఫోను చేయించి తలుపు మూయించబోయిన పార్టీ ఉందే, ఆ పార్టీవాళ్ళు ఇప్పుడు ఓడిపోయి ప్రతిపక్షంలో కూర్చున్నారు. సభలో మమ్మల్ని మాట్లాడనివ్వడం లేదని ఊరేగింపు తీశారు. టోపీల మీద ఏం అచ్చేయించుకున్నారో తెలుసా? నీ మాటే. నేను రోడ్డు పక్కన నిలబడి చూశాను. ఒక టోపీ లాక్కుని కాలవలో పారెయ్యాలనిపించింది. ఆ టోపీ పెట్టుకున్నది మనకి పాలు పోసే ఆవిడ మొగుడు. పొద్దున్నే పాలు కావాలి కదా, ఊరుకున్నాను.

పోయిన నెల ప్రసూతి ఆసుపత్రిని ఎత్తేసి ఊరవతల పెద్దాసుపత్రిలో కలిపేస్తామన్నారు. దాని గేటు ముందు జనం చేరారు. అట్టల మీద మళ్ళీ అదే మాట. ఇక ఇదొక్కటైనా ఆపించాలని చొక్కా మార్చుకుని బయలుదేరాను. నర్సు చదువుతున్న ఒక అమ్మాయి, మోచేతులదాకా రంగు పూసుకుని బ్యానరు రాస్తోంది.

"ఈ మాట ఎవరన్నారో తెలుసా అమ్మా?" అని అడిగాను.

"ఎవరంటే ఏం చెప్పను తాతగారూ, అందరూ అంటున్నారుగా."

"మొదట ఎవరన్నారు అని."

"దానికి మొదలంటూ ఏముంటుంది? ఫోనులో పైకి కనపడింది, తీసుకున్నాం."

"మా అమ్మాయి అంది. గ్రంథాలయం గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చుని అంది. దాని మీద విచారణ నడుస్తోంది. మీరు ఇది పట్టుకుని ఊరేగితే దానికి ఇబ్బంది."

ఆ పిల్ల పక్కనున్న స్నేహితురాలి వైపు చూసింది. ఆ రెండో అమ్మాయి, "కుర్చీలో కూర్చున్నావిడా? ఆవిడ నటి కాదూ? అదేదో నాటకంలో సీను అనుకున్నానే" అంది.

అమ్మడూ, నాకు చెంప మీద కొట్టినట్టయింది. నీ గ్రంథాలయం పోయింది, నీ ఊరు పోయింది, ఏడాది జీవితం పోయింది. నువ్వు మిగలలేదు, నీ మాట మిగిలింది. దానికి కాళ్ళొచ్చి, కన్నవాళ్ళెవరో కూడా తెలియకుండా ఊరూరా తిరుగుతోంది. ఇదంతా ఆ పిల్లకి చెబుదామని నోరు తెరిచాను. ఈలోపు అదే అంది.

"కోపం తెచ్చుకోకండి తాతగారూ. మీ అమ్మాయిది అయితే ఆవిడకి మా అందరి దండాలు. కానీ మాకూ ఇది కావాలి. మా వదినకి నెలలు నిండాయి. పెద్దాసుపత్రి అంటే రెండు బస్సులు మారాలి."

బ్యానరు రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక గాలికి ఎగిరిపోతోంది. గంటసేపు కర్ర పట్టుకుని నిలబడి వచ్చాను. సంగతి విని మీ అమ్మ, "ఆపించడానికి వెళ్ళి మోసుకొచ్చారన్నమాట" అంది.

ఇక ఆ ముసలాయన దగ్గరికి వస్తాను. అక్కడికి నేరుగా రాలేను, పోలింగు రోజు మీదుగా రావాలి. నీకు తెలిసిన రోజే. నా వైపు నుంచి మాత్రం నీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు మిల్లువాళ్ళు మొదటి షిఫ్టుని రెండింటికి వదలకుండా, అర్జంటు సరుకు ఉందని నాలుగున్నరదాకా ఆపేశారు. రెండు వందల మంది తలల మీద దూది పొట్టు కూడా దులుపుకోకుండా పరుగెత్తుకొచ్చి, నువ్వు పోలింగు అధికారిగా కూర్చున్న మీ గ్రంథాలయం ముందు వరుస కట్టారు. అయిదింటికల్లా వరుసలోకి వచ్చినవాళ్ళందరూ ఓటు వేసేదాకా తలుపు మూయకూడదని మీ రూలు పుస్తకంలో ఉంది. మూసెయ్యమని మీ పై అధికారి నోటిమాటగా చెప్పాడు. నువ్వు కుర్చీ తెచ్చి గుమ్మంలో అడ్డంగా వేసుకుని కూర్చుని, "తలుపు మూయకండి, వీళ్ళంతా అయిదులోపే వచ్చారు" అన్నావు. వరుసలో ఉన్న మగ్గం పనావిడ ఒకతి ఫోటో తీసి ఆ మొదటి రెండు మాటలూ కలిపి రాసి వదిలింది. చీకటి పడేసరికి ఇలాగే గెంటేస్తున్న మరో పాతిక ఊళ్ళలో జనం అదే మాట పట్టుకున్నారు. తెల్లారేసరికి అసలు ఎన్నికలే లేని చోట్లలో కూడా.

అయిదింటికి పది నిమిషాల ముందు నేను నీకు ఫోను చేశాను. గుర్తుందా? గుర్తుండకుండా ఎలా ఉంటుంది. వరుసలో ఉన్న ఎవరో, మీ అమ్మాయికి పైవాళ్ళతో గొడవ అవుతోందని చెబితే చేశాను. "పెద్దవాళ్ళతో పెట్టుకోకు, వాళ్ళు మూసెయ్యమంటే మూసెయ్యి, ఉద్యోగం ముఖ్యం" అన్నాను. "వరుసలో ఉన్నది మీ మిల్లువాళ్ళే నాన్నా" అన్నావు. "ఎవరైతే నీకెందుకు" అన్నాను. నువ్వు ఫోను పెట్టేశావు. తరవాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మిల్లులో నేను చేసిన పని ఒక్కటే. ఆరింటికి, రెండింటికి, పదింటికి షిఫ్టు కూత వెయ్యడం. అయిదు నిమిషాల ముందే వెళ్ళి గొలుసు పట్టుకుని, ముల్లు అంకె మీదికి రాగానే లాగడం. నా కూత విని లేచినవాళ్ళు, నా కూత విని తిన్నవాళ్ళు, నా కూతతో ఇంటికి పోయినవాళ్ళు ఆ వరుసలో నిలబడితే, వాళ్ళ మొహాన తలుపు వేసెయ్యమని నా కూతురికి చెప్పాను. వాళ్ళు మర్నాడు నా చేతులు పట్టుకుని, "కూత మామా, ఏం కూతుర్ని కన్నావయ్యా" అన్నారు. తల ఊపాను.

ఆ వారమే టైలరమ్మ దగ్గర నేర్చుకున్నాను. నిచ్చెన ముక్కలాంటి ఆ గుర్తు వెయ్యడం, మాటల మధ్య ఖాళీ లేకుండా రాయడం. మొదట్లో ఖాళీ వదిలేసేవాణ్ణి, అప్పుడది ఉత్త #తలుపు అయిపోయి, తలుపుల దుకాణంవాడు కొలతలు పంపమని అడిగేవాడు. అప్పట్లో అందరూ రాసేవారు కాబట్టి నా రాత గుంపులో గోవిందా. నీ మాట లక్షల మంది నోట వినబడుతుంటే, నేను ఫోనులో అన్న మాట అడుక్కి పోతోందని అనిపించేది.

నాలుగో నెలలో నువ్వు అందరికీ కబురు పెట్టావు. "నా కోసమే రాస్తున్నారు కదా, నా కోసమే ఆపండి. తలుపు సంగతి రూలు ప్రకారమే అని తేలిపోయింది. ఇప్పుడు నేనే వెనకుండి ప్రచారం చేయిస్తున్నానని రెండో అభియోగం పెట్టారు. ఇది ఆగితే అదీ పోతుంది" అన్నావు. జనం మంచివాళ్ళే, ఆపేశారు. వేలు వందలయ్యాయి, వందలు పదకొండయ్యాయి. టైలరమ్మ కూడా ఆపేసింది. ఒక రోజు చూస్తే ఒక్కటే ఉంది.

అది నాది.

ఆగనిది నేనమ్మా. నువ్వు తిట్టుకున్న యంత్రం నేను. ఉత్తర్వులో ఉన్న ముసలాయన నేను. చూసుకునేవాళ్ళు ఉన్నారు, మీ అమ్మ చూసుకుంటోంది.

పేరు బదులు మూడు అంకెలు పెట్టుకున్నాను. ఆరు, రెండు, పది. మిల్లువాళ్ళకి తెలుస్తుందని. అయిదు నిమిషాల ముందే రాసి పెట్టుకుని, వేలు పైకెత్తి ఉంచి, సరిగ్గా ఆ క్షణానికి వదిలేవాణ్ణి. వేరే మాట ఒక్కటి కూడా కలపలేదు. కూతకి మాటలెందుకు? నీకు పంపిన కాగితంలో "నిర్ణీత వేళల్లో రోజుకు మూడుసార్లు" అని మాత్రమే ఉంది, వేళలు వెయ్యలేదు. వేసి ఉంటే నీకు అప్పుడే అర్థమయ్యేది. అయినా నీకు అనుమానం రాలేదంటే, నాన్నకి ఫోను ఎత్తడమే సరిగా రాదని నీ నమ్మకం.

ఎందుకు ఆపలేదంటావు. నువ్వు ఆపమన్నది చదివాను. చదివి, ఇది అందరికీ రాసింది, నాక్కాదు అనుకున్నాను. ఆ ఒక్కటి కూడా ఆగిపోతే నిన్ను ఆ రికార్డు గదిలో పెట్టి మర్చిపోతారనిపించింది. ఇవన్నీ పైకి చెప్పుకునే కారణాలు. అసలుది నీకూ తెలుసు, పైనే రాశాను. రోజుకి మూడుసార్లు ఆ మాట అంటుంటే, నేను ఆ ఫోను చెయ్యలేదేమో అన్నట్టుండేది. నా మనసు చల్లబడటానికి నువ్వు ఏడు నెలలు ఎక్కువ దుమ్ము తిన్నావు. ఆ దగ్గు నీకు పట్టించింది నా వేలే. పైగా చూడు, చల్లారిన నిప్పుని నేను రోజూ ఊదుతూ ఉండబట్టే ఆ మాట ఫోనుల్లో పైకి తేలి ఉంది. తలుపులవాడికైనా టోపీలవాళ్ళకైనా అలాగే దొరికింది. నేను ఆపేసి అయిదు వారాలైంది. అది ఆగడం లేదు. గొలుసు వదిలేసినా కూత ఆగకపోతే ఎవడేం చేస్తాడు?

"యంత్రం" అన్న విచారణ కాగితం నువ్వు పంపినప్పుడు టైలరమ్మ చదివి వినిపించింది. "మనిషికి సాధ్యం కాని కచ్చితత్వం" అని ఉంది అందులో. నిజం చెప్పనా, ముందు గుండె ఉప్పొంగింది. నా ఆఖరి ఏడాదిలో మిల్లువాళ్ళు గోడకి ఒక పెట్టె బిగించి, ఇక ఇదే కూస్తుంది, మీరు కూర్చోండి అన్నారు. ఆ పెట్టె రోజుకి అరనిమిషం వెనకబడేది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క మేనేజరు నా వేళ గురించి మంచి మాట అనలేదు. సర్కారు కాగితం మీద రాసి పంపింది. అంత సంతోషంలోనూ తరవాతి వాక్యం విన్నాను: "ఇట్టి యంత్రాన్ని ఉద్యోగి నడిపించినట్లు తేలినచో తొలగింపునకు అర్హురాలు." ఆ వాక్యం మళ్ళీ చదవమన్నాను. టైలరమ్మ నా మొహం చూసి, "బాబాయిగారూ, మీరు ఆపలేదా" అంది. నీళ్ళిచ్చింది.

మర్నాడే విచారణ ఆఫీసుకి వెళ్ళాను. ఆ అధికారి మంచివాడే, కాకపోతే నిద్ర చాలని మొహం. నేనే ఆ యంత్రాన్ని అని చెబితే, గుమాస్తా నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఎవరు పంపారు పెద్దాయనా మిమ్మల్ని?" అన్నాడు అధికారి.

"ఎవరూ పంపలేదు. బస్సులో వచ్చాను."

"ఇది ఒక మనిషి చేసేది కాదు. మా సాంకేతిక నిపుణుడు సంతకం పెట్టి ఇచ్చాడు."

"ఆయన్ని రెండింటిదాకా కూర్చోమనండి" అన్నాను.

ఇరవై నిమిషాలుంది. కూర్చున్నాం. గుమాస్తా టీ తెప్పించాడు. అయిదు నిమిషాల ముందు రాసి పెట్టుకుని వేలు ఎత్తాను. వదిలాను. గుమాస్తా తన ఫోనులో చూసి, "వచ్చిందండీ, కానీ ఇంకా రెండు కాలేదే" అన్నాడు, గోడ గడియారం చూపిస్తూ.

"మీ గడియారం మూడు నిమిషాలు వెనక" అన్నాను.

అధికారి తన చేతి గడియారం చూసుకున్నాడు. ఫోను చూసుకున్నాడు. లేచి, కుర్చీ ఎక్కి, గోడ గడియారం సరిచేసి దిగాడు. దిగి, "ఎందుకు చేశారండీ" అని అడిగాడు. ఆయన గొంతులో అప్పుడు అధికారం లేదు. నీకు పైన రాసినదంతా ఆయనకి చెప్పాను, ఆ ఫోనుతో సహా. ఆయనకి ముందు చెప్పాను, నీకు తరవాత చెబుతున్నాను. క్షమించు.

ఆయన కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "ఇది ఇలాగే రాస్తే, తండ్రి తెలిసే చేశాడు, అంటే కుటుంబమే ప్రచారం చేసింది అంటారు పైన. మళ్ళీ అమ్మాయి మెడకే. పెద్దవయసు, మతి సరిగా లేదు, ఏం చేస్తున్నారో తెలియకుండా చేశారు అని రాస్తే ఈ రోజే మూసెయ్యమని పైకి పంపగలను. ఉత్తర్వులో పేరూ వద్దు, బంధుత్వమూ వద్దు. నాకు కావలసింది మీ సంతకం ఒక్కటే" అన్నాడు.

"నాకు మతి బాగానే ఉందండీ. ఇప్పుడేగా మీ గడియారం దిద్దాను" అన్నాను.

"అందుకే అడుగుతున్నాను. మతి బాగున్నవాళ్ళే అర్థం చేసుకోగలరు" అన్నాడు.

సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు, వణికితే బాగుండేదని గుమాస్తా అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మీ అమ్మ, "ముప్పై ఏళ్ళుగా నేను మొత్తుకుంటున్నదే, సర్కారుకి ఇప్పటికి తెలిసింది" అని అన్నం వడ్డించింది. తరవాత, కంచం తీస్తూ, "దానికి చెప్పరా మరి" అంది. అది చేరిపోయాక చెబుతానన్నాను. "అప్పుడు చెబితే దేనికి?" అంది.

అది నిజం. ఉత్తర్వు కింద నువ్వు పెట్టవలసిన సంతకం ఒకటుందని రాశావు, "ఇందలి కారణములన్నియు అంగీకరిస్తున్నాను" అని, ఈ నెల ముప్పైలోపు. నేను నోరు మూసుకుంటే నువ్వు ఏమీ తెలియకుండా, తేలిక మనసుతో పెట్టేసేదానివి. అయిదు వారాలు అలాగే అనుకున్నాను. కానీ నువ్వు "పాపం ఆ పెద్దాయన" అని రాశావు, పళ్ళు తీసుకెళ్ళి ఇచ్చి రమ్మన్నావు. నా కూతురు నన్నే ఎవరో పిచ్చివాడనుకుని జాలిపడటం నా వల్ల కాలేదు. ఇంకా ఒకటి. నీకు చెప్పకుండా నీ గురించి నేను నిర్ణయించడం ఇప్పటికి ఎనిమిది నెలలైంది. చాలు.

ఇప్పుడు నీకు తెలిసింది. తెలిసి పెట్టే సంతకం వేరు, తెలియక పెట్టేది వేరు, ఆ తేడా నీకు నాకంటే బాగా తెలుసు. అందుకే ఈసారి నేను ఫోను చెయ్యను. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని ఒక్క మాట అనను. నువ్వు పెడితే, మీ నాన్న కాగితం మీద పిచ్చివాడు, అంతే. దాని వల్ల నాకు ఒంటి మీద దురద కూడా పుట్టదు, ఒకటో తారీఖున నీ వెనకే గ్రంథాలయం మెట్లెక్కి పేపరు చదువుకుంటాను. నువ్వు పెట్టనంటే, ముప్పైలోపు బస్సెక్కి వచ్చెయ్యి. ఇద్దరం కలిసి ఆ అధికారి దగ్గరికి వెళదాం. ఆ కాగితం చింపమని, నేను తెలిసే చేశానని, నీకు తెలియదని ఆయన ఎదుట చెబుతాను. ఎన్నిసార్లు చెప్పమంటే అన్నిసార్లు చెబుతాను. ఆ తరవాత ఏమైనా కానీ, ఇంట్లో అన్నానికి లోటు లేదు, నీ పరుపు ఎండలోనే ఉంది.

కోపం వస్తే కోపంగానే రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

ఇట్లు,
తెలిసే చేసిన
మీ నాన్న